గటుక కుండ చెప్పే పాఠం
(కొత్తకోటలో రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన తాతల కాలంలో పాలమూరు పల్లెల్లో పేదోళ్ల తిండి అంటే జొన్నలే. పొద్దున అంబలి. చేనుకాడ సద్ది రొట్టె, ఉల్లిగడ్డ, కారం. రాత్రికి గటుక, అందులోకి పుంటికూరో పచ్చిపులుసో. పాడి ఉన్న ఇంట్లో ఇన్ని చల్ల పోస్తే అదే భాగ్యం. అలసిన ఒంటికి ఈతకల్లు. వరి బువ్వ పండుగకో, చుట్టం వస్తేనో.

ఆ రోజులు బంగారమని నేను చెప్పను. ఎండాకాలం వచ్చేసరికి గుమ్మి అడుగంటేది. దొర దగ్గర నాగుకు గింజలు తెచ్చుకొని, పంట రాగానే సగం కలిపి కొలిచి ఇచ్చేవాళ్లు. పండించినోడే పస్తులుండేవాడు.

కానీ ఒక తెలివి ఉండేది. జొన్న సాళ్ల నడుమ కంది, పెసర, అనుములు, బొబ్బర్లు వేసేవాళ్లు. వాన తప్పి ఒకటి పోయినా ఇంకొకటి నిలిచేది. గింజ మనిషికి, చొప్ప ఎడ్లకు.

ఒకే పంటను నమ్ముకుంటే ఏమవుతుందో ఐర్లాండ్ చెబుతుంది. అక్కడి పేద కౌలుదార్లు ఆలుగడ్డ, చల్లతోనే బతికేవాళ్లు. పండించిన గింజలు, పెంచిన పశువులు భూస్వామి కౌలుకే పోయేవి. 1845లో ఆలుగడ్డకు తెగులు తగిలింది. కొన్నేళ్లలోనే దాదాపు 10 లక్షల మంది చనిపోయారు. ఆ కరువులో కూడా ఓడల్లో గింజలు, పశువులు ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. తిండి లేక కాదు, తిండి మీద హక్కు లేక చచ్చిపోయారు.

ఇప్పుడు మన సంగతి చూడండి. 1983లో వచ్చిన రెండు రూపాయల కిలో బియ్యం పేదోడి కడుపు నింపింది. దాన్ని తప్పుపట్టేది లేదు. కానీ జొన్నను ఆదుకున్నోళ్లు లేరు. చేనంతా పత్తి, వరి అయింది. కందిపప్పు కూడా కొనుక్కొని తింటున్నాం. 2013 ఆహార భద్రతా చట్టంలో ముతక ధాన్యాలు కిలో రూపాయికే అని రాశారు. మన రేషన్ దుకాణంలో జొన్నలు ఎందరికి అందాయి? 2023ను చిరుధాన్యాల సంవత్సరమని ప్రపంచమంతా జరుపుకుంది. మద్దతు ధర కాగితం మీద ఉంటే కుండలో గటుక ఉడకదు.

అందుకే మన డిమాండ్లు మూడు. జొన్న, కొర్ర, తైదలను మద్దతు ధరకు ఊరి దగ్గరే కొనాలి. వాటినే రేషన్‌లో, బడి పిల్లల భోజనంలో, అంగన్‌వాడీల్లో పెట్టాలి. కౌలు రైతుకూ అదే ధర దక్కాలి.

మన వంతు పని కూడా ఉంది. ఈ వానాకాలం ప్రతి ఇల్లూ అరెకరమైనా ఇంటి తిండికి విత్తాలి. అమ్మే పంట అప్పు తీర్చాలి, తినే పంట మన గుమ్మిలో ఉండాలి.