పదునారు ప్రదర్శనల సంగీతనాటకము



న్యూయార్కు నగరమున బ్రాడ్వే యను వీథి పరిసరములందు నాటకశాలలు పెక్కు కలవు. అచ్చట ఒకే నాటకము ఏండ్ల తరబడి ఆడుటయు కలదు, వారము తిరుగకముందే తెర దించుటయు కలదు. 1981వ సంవత్సరము నవంబరు 16వ తేదీన ఆల్విన్ థియేటరులో ప్రారంభమై, 28వ తేదీన ముగిసిన యొక సంగీతనాటకమును గూర్చి నేడు మనవిచేసెదను. దాని పేరు ‘మెరిలీ వుయ్ రోల్ అలాంగ్’. ప్రదర్శనలు 16 మాత్రమే.

కర్తలు సామాన్యులు కారు. సంగీతమును గీతములును స్టీఫెన్ సాండ్‌హైమ్‌వి. సంభాషణలు జార్జ్ ఫర్త్‌వి. ప్రయోక్త హెరాల్డ్ ప్రిన్స్. 1970లో ‘కంపెనీ’ మొదలు 1979లో ‘స్వీనీ టాడ్’ వరకు సాండ్‌హైమ్, ప్రిన్సులు జోడెడ్లవలె పనిచేసినవారు. మరి ఈ బండి యేల బోల్తాపడినది?

కథకు మూలము కాఫ్మన్, హార్ట్ అనువారు 1934లో వ్రాసిన నాటకము. అందు కథ తుదినుండి మొదటికి నడచును. ఫ్రాంక్ ధనము గడించి స్నేహితులను పోగొట్టుకొన్న సంగీతకర్త. రంగము మారినకొలది కాలము వెనుకకు జరిగి, కడపట 1957లో ఫ్రాంక్, అతని గీతరచయిత చార్లీ, రచయిత్రి మేరీ, ముగ్గురును మేడపై నిలిచి ఆకాశమున స్పుత్నిక్‌కై చూచుచు, తమ ముందున్న కాలమంతయు తమదే యని పాడుకొందురు. వారికేమి కానున్నదో ప్రేక్షకునికి అప్పటికే తెలియును. కరుణరసమునకు ఇంతకన్న ఆలంబనము కావలెనా?

ప్రిన్స్ నవయౌవనులనే నటులుగా నెన్నుకొనెను. తుదిరంగమున పాత్రకును నటునికిని వయస్సు ఒకటగునని అతని యూహ. ఊహ సొగసైనదే, కాని నలువది యేండ్ల విరక్తి ఇరువది యేండ్ల ముఖమున నిలువలేదు. పొరుగూరిలో ముందుగా ఆడి సరిదిద్దుకొను పూర్వాచారమును విడిచి, న్యూయార్కులోనే టిక్కెట్టు కొన్నవారి యెదుట దిద్దుబాట్లు సాగించిరి. నాయకపాత్రధారిని మార్చిరి, నృత్యదర్శకుని మార్చిరి. ప్రేక్షకులు నడుమనే లేచిపోవుచుండిరి. ఎవరెవరో పోల్చుకొనలేకున్నారని, నటుల చొక్కాలపై పాత్రల పేర్లు అచ్చువేయించిరి!

ఇది విని నవ్వరాదు. మన కూచిపూడి భాగవతులు ప్రవేశదరువుతో చేయు పనినే వారు అక్షరములతో చేయబూనిరి. అయితే సత్యభామ కథ మన ప్రేక్షకుడు ఇంటినుండియే తెచ్చుకొనును. భవభూతి ఉత్తరరామచరితమున చిత్రపటములు చూపి గతమును తలపించినను మనము తడబడము. అపరిచితుల గతము పరిచయమునకు ముందే వచ్చిన, స్మృతి దేనిని పట్టుకొనును?

సంగీతమున మాత్రము ఈ వ్యుత్క్రమము ఫలించినదని నా యభిప్రాయము. ఒక గీతము మొదట దాంపత్యము విచ్ఛిన్నమగు వేళ వినబడును. పిమ్మట అదియే వివాహవేళ వినబడును. మొదట చేదు, తరువాత తీపి. ఆ తీపియే ఎక్కువ బాధించును.

నాటకము మూతపడిన మరునాడే ఆ పిల్లలందరు చేరి పాటలను రికార్డు చేసిరి. నాటకమును బ్రతికించినది ఆ రికార్డే. కర్తలు 1985 నుండి దానిని పలుమార్లు తిరుగవ్రాసిరి. కాని సాండ్‌హైమ్, ప్రిన్సులు మరల 2003 వరకు క్రొత్తనాటకమునకై కలియలేదు. స్నేహభంగమును గూర్చిన కథ కర్తలనే కొంత తాకినట్లున్నది.

2023లో మరియా ఫ్రీడ్మన్ దర్శకత్వమున, ప్రౌఢవయస్కులగు నటులతో, హడ్సన్ థియేటరున అది మరల ఆడెను. నెలల తరబడి ఆడి, 2024లో నాలుగు టోనీ బహుమతులందెను. ప్రిన్స్ 2019లోనే గతించెను. సాండ్‌హైమ్ 2021 నవంబరు 26న కన్నుమూసెను. తొలి ప్రదర్శనలు ఆగి నలువది యేండ్లు నిండుటకు నాటికి రెండు దినములు తక్కువ.