ఫోను ఎవరిది?

(రాజుపాలెంలో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఫోను ద్వారా పచ్చళ్ళు, కారం ఎలా అమ్ముకోవాలో చెప్పమని నన్ను పిలిచారు. చెబుతాను. ముందు నాదొక ప్రశ్న. మీ ఇంట్లో ఫోను ఎవరిది?

పొద్దున పండుమిరప పచ్చడి అమ్మే ఒక చెల్లెలితో మాట్లాడాను. కాయలు కడిగి ఆరబెట్టేది, తొడిమలు తీసేది, ఉప్పూ చింతపండూ వేసి దంచేది ఆమే. వాట్సాప్‌లో ఫొటో పెట్టేది కొడుకు. ఆర్డర్లు వచ్చేది భర్త నంబరుకు. డబ్బు పడేది భర్త ఖాతాలో. "నెలకి ఎంత మిగులుతోందమ్మా?" అంటే "ఆయన్నడగాలండీ" అంది. వ్యాపారం ఆమెదే అంటారందరూ. లెక్క మాత్రం ఆమె చేతిలో లేదు.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో తాము స్వయంగా వాడుకునే ఫోను ఉన్న స్త్రీలు నూటికి 49 మందే. అప్పటికి ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు నూటికి 49 మంది, స్త్రీలు 21 మంది.

1992లో దూబగుంటలో సారా ఉద్యమం లేచింది. ఆ తర్వాత నెల్లూరు జిల్లాలో ఆడవాళ్ళు రోజుకో రూపాయి పొదుపు మొదలుపెట్టారు. రూపాయి చిన్నదే. కానీ అది దాచిన పుస్తకం ఆడవాళ్ళ పేరున ఉంది. అంతకుముందు 1985లో మన రాష్ట్రం ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు వాటా ఇస్తూ చట్టం సవరించింది. పట్టా, పాస్‌బుక్కు తర్వాత ఇప్పుడు సిమ్ము వంతు వచ్చింది. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తుందో పెత్తనం వాళ్ళదే.

అందుకే సిమ్ము మీ ఆధార్‌తో మీ పేరునే తీసుకోండి. మీ బ్యాంకు ఖాతాకు ఆ నంబరే కలపండి. యూపీఐ పిన్ ఎవరికీ చెప్పకండి. డబ్బు పంపడానికే పిన్ కొట్టాలి, రావడానికి అక్కర్లేదు. మోసం జరిగితే వెంటనే 1930కి ఫోను చేయండి.

వాట్సాప్ బిజినెస్ యాప్‌కు డబ్బు కట్టక్కర్లేదు. అందులో సరుకు ఫొటో, తూకం, ధర పెట్టుకోవచ్చు. ధర వేసేటప్పుడు నూనె, సీసా లెక్కతో ఆగకండి. ఆ రోజు మిరపకోతకు వెళితే ఎంత కూలి వచ్చేదో అదీ కలపండి. ఇంట్లో చేసిన పని కాబట్టి ఉచితం అనుకోవడం మనకు నేర్పిన అలవాటు.

ఆహార భద్రత రిజిస్ట్రేషన్, పాన్ కార్డు మీ పేరునే ఉండాలి. ఒకప్పుడు ఆన్‌లైన్ అంగళ్ళలో సరుకు అమ్మాలంటే ఎంత చిన్నవాళ్ళయినా జీఎస్టీ నమోదు చేసుకోవాల్సిందే. సొంత రాష్ట్రంలోనే అమ్ముకునే చిన్న వ్యాపారులకు 2023 అక్టోబరు 1 నుంచి ఆ షరతు సడలించారు. పాన్ మాత్రం కావాలి.

నంబరు నలుగురికీ తెలిస్తే పిచ్చి ఫోన్లు వస్తాయని మగవాళ్ళు భయపెడతారు. వస్తాయి కూడా. వ్యాపారానికి వేరే నంబరు పెట్టుకోండి, వేధించేవాళ్ళను బ్లాక్ చేయండి, సాక్ష్యం దాచి ఫిర్యాదు చేయండి. తప్పు ఫోను చేసినవాడిది. దానికి శిక్షగా మీ ఫోను లాక్కోవడం న్యాయం కాదు.

సంఘాల నాయకులకు ఒక మనవి. మీ రిజిస్టరులో ప్రతి సభ్యురాలి పేరు పక్కనా ఒక నంబరుంది. ఈ నెల సమావేశంలో ఆ నంబర్లకు ఒక్కొక్కటిగా ఫోను చేయండి. ఎన్ని ఆమె చేతిలో మోగుతాయో చూడండి. మన పని అక్కడ మొదలుపెడదాం.