దూరదేశంలో ఉన్నా పొరుగువాడే
(స్వర్ణోత్సవ సభలో పూర్వ విద్యార్థి ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



ఈ బడిలో తెలుగు పరీక్షలో అర్జీ రాయమని ఒక ప్రశ్న వచ్చేది. అయిదు మార్కులు. నాకు ఎప్పుడూ అయిదూ వచ్చేవి. ఆ మార్కుల గురించి ఈరోజు ఒక మాట ఒప్పుకోవాలి.

పదిహేనేళ్ళ కిందట ఒక సాయంత్రం ఒక అవ్వ మా ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంది. కూతురు ఇంటిపనికి కువైట్ పోయింది. జీతం ఇవ్వడం లేదు, పాస్‌పోర్టు యజమాని దగ్గరే ఉంది. "సదువుకున్నోనివి, ఒగ అర్జీ రాసియ్యి నాయనా" అంది. ఆరోజు మా సంఘంలో ఏదో కూటం ఉంది. "ప్రార్థన చేస్తాలే అవ్వా" అని పంపేశాను. ప్రార్థన చేశాను కూడా. అర్జీ మాత్రం రాయలేదు. ఆ బిడ్డ రెండేళ్ళకు వట్టి చేతులతో తిరిగొచ్చింది. గాయపడిన మనిషిని చూసి పక్కనుంచి వెళ్ళిపోయిన యాజకుడి కథ నేను ఎన్నోసార్లు బోధించాను. ఆరోజు ఆ యాజకుణ్ణి నేనే.

"మన ఊళ్ళోనే కరువు, పరాయి దేశం సంగతి మనకెందుకు?" అంటారు కొందరు. కరువు సీమ కాబట్టే మనకు కావాలి. వాన లేకపోతే మనవాళ్ళు గుంటూరు మిరపచేలకు, బెంగుళూరు కట్టడాలకు, కడప వైపునుంచైతే గల్ఫుకు పోతారు. ఇది ఈనాటిది కాదు. 1860లో మద్రాసు నుంచి 'ట్రూరో' అనే ఓడ కూలీలతో నాటాల్ చేరింది. తర్వాత వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళు ఎందరో. వాళ్ళ మధ్య సేవ చేయడానికి తెలుగు బాప్టిస్టులు నెల్లూరి జాన్ రంగయ్య గారిని 1903లో అక్కడికి పంపారు. పేద సంఘాలు చందాలు వేసుకుని చేసిన పని అది.

సి.ఎఫ్. ఆండ్రూస్ అనే ఆంగ్లికన్ పాదిరి ఇంకో అడుగు ముందుకేశారు. 1914 జనవరిలో డర్బన్ రేవులో దిగి గాంధీ గారి పాదాలు తాకారు. అక్కడి తెల్లవాళ్ళకు అది మింగుడుపడలేదు. మరుసటి సంవత్సరం పియర్సన్‌తో కలిసి ఫిజీ వెళ్ళారు. అక్కడ కూలీలది అయిదేళ్ళ ఒప్పందం. నూరుగురు మగవాళ్ళకు నలభై మంది ఆడవాళ్ళు చొప్పున ఓడ ఎక్కించేవారు. ఆ లెక్కతో కుటుంబాలు ఎలా చితికిపోయాయో ఆయన కూలీ లైన్లలో తిరిగి చూసి, 1916లో నివేదిక రాశారు. 1917లో కూలీల ఎగుమతి ఆగింది. 1920 జనవరి 1న ఫిజీలో మిగిలిన ఒప్పందాలూ రద్దయ్యాయి. దేశ నాయకుల పోరాటం, కూలీల ఏడుపు, ఆ నివేదిక, అన్నీ కలిస్తేనే అది జరిగింది.

నన్ను కదిలించిన సంగతి ఒకటుంది. అణచివేస్తున్నది ఆయన జాతివాళ్ళే, ఆయన మతంవాళ్ళే. అయినా సొంతవాళ్ళను వెనకేసుకు రాలేదు. 1827లో మన పత్తికొండలోనే కలరాతో కన్నుమూసిన మన్రో గవర్నరు, చేతిలో అధికారం ఉన్న మనిషి. ఆండ్రూస్ చేతిలో ఉన్నది కలమే. వెళ్ళాడు, అడిగాడు, రాసుకున్నాడు, చెప్పాల్సిన చోట చెప్పాడు. క్రైస్తవుడి బాధ్యత అంటే నాకు అర్థమైంది ఇంతే. ఆదుకునే ముందు ఎదుటివాడి మతం అడగకూడదు, ఆదుకున్నాక అడగకూడదు.

ఇప్పుడు దారులున్నాయి. విదేశాంగ శాఖకు 'మదద్' అనే ఫిర్యాదుల పోర్టల్ ఉంది. మన రాష్ట్రానికి ప్రవాసాంధ్రుల సొసైటీ ఉంది. గల్ఫుకు ఇంటిపనికి పోయే ఆడబిడ్డకు ముప్పై ఏళ్ళు నిండాలని, ప్రభుత్వ ఏజెన్సీ ద్వారానే పోవాలని నియమం ఉంది. ఇవేవీ తెలియక ఏజెంటు మాట నమ్మి పోతున్నారు.

అందుకే నాదొక మనవి. నెలకొక ఆదివారం మన సంఘం గదిలో ఇద్దరు కూర్చుందాం. వచ్చినవాళ్ళ కాగితాలు చూద్దాం, అర్జీ రాద్దాం. మొదటి ఆదివారం నేను వస్తాను. గురువులారా, ఆ అయిదు మార్కులకు నేనింకా బాకీ ఉన్నాను.