గడప దాటలేని పెద్దలు
(పిట్టలవానిపాలెంలో చేసిన ప్రసంగ పాఠం)



సంస్కృతంలో ‘వృద్ధ’ శబ్దానికి పెరిగినవాడని అర్థం. వృద్ధి అన్న మాటకూ అదే ధాతువు. తరిగిపోయినవాడన్న భావం మనం తెచ్చిపెట్టుకున్నదే.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. 65 ఏళ్ళు దాటినవారు ఇల్లు కదలరాదన్నారు. వ్యాధి దృష్ట్యా అది అవసరమే. ఆలయాలు భక్తులకు తెరవడానికి జూన్ 8 నుండి గాని అనుమతి రాలేదు. సాయంకాలం గుడికి వచ్చే వృద్ధురాలికి స్వామి దర్శనంతోపాటు నలుగురి చూపు కూడా దక్కేది. “ఏమమ్మా, ఇలా చిక్కిపోయావేం?” అని అర్చకుడో, పూలమ్మే ఆవిడో అడిగేవారు. ఆ చూపు లేని నాడు తలుపు వెనుక ఏది జరిగినా అడిగే దిక్కు లేదు. మహమ్మారి వెళ్ళిపోయింది గాని, మంచం పట్టినవారికీ, పిల్లలు దూరదేశాలలో ఉండగా పరాయివారి సంరక్షణలో బ్రతికేవారికీ ఆ ఏకాంతం నేటికీ తీరలేదు.

హింస అంటే కొట్టడమొక్కటే కాదు. పింఛను పుస్తకం లాక్కోవడం, తెలియని కాగితం మీద వేలిముద్ర వేయించడం, విరిగిన కళ్ళద్దాలు నెలల తరబడి బాగుచేయించకపోవడం, మందులు సమయానికి ఇవ్వకపోవడం, బంధువుల ఫోను అందకుండా చేయడం, రోజుల తరబడి పలకరించకపోవడం, ఇవన్నీ హింసే. మీరు ప్రశ్న వేస్తే పెద్దాయన జవాబు చెప్పే ముందు కొడుకు ముఖం వంక చూస్తున్నాడా? గమనించండి. ముంజేతి మీద కమిలిన మచ్చ కనబడితే వెంటనే నింద వేయకండి. ముదిమిలో చర్మం చిన్న తాకిడికే కములుతుంది. వేరుగా కూర్చోబెట్టి, నెమ్మదిగా అడగండి. ఒక్కసారికి చెప్పరు. కన్నబిడ్డను రచ్చకెక్కించడానికి ఏ తల్లికి నోరు వస్తుంది? మళ్ళీ వెళ్ళండి. రాత్రింబవళ్ళు సేవ చేసి విసిగిన కోడలు ఉంటే, ఆమెకు ఒక పూట విశ్రాంతి కల్పించడం కూడా ఆ పెద్దలకు రక్షే.

తల్లిదండ్రుల పేరిట అన్నదానానికి విరాళమిచ్చే దాతలు ఈ సభలో ఎందరో ఉన్నారు. సంతోషం. ఆ తల్లి బ్రతికి ఉంటే ఈ పూట ఆమె ఏమి తిన్నదో కూడా కనుక్కోండి.

2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం క్రింద రెవెన్యూ డివిజనల్ అధికారి వద్ద ఉండే ట్రిబ్యునల్‌కు అర్జీ పెట్టుకోవచ్చును. వ్రాసుకోలేనివారి తరఫున వారు అధికారమిచ్చినవారు పెట్టవచ్చును. ఆస్తిని దానపత్రంగా వ్రాసే పెద్దలు తమను పోషించాలన్న షరతును అందులోనే స్పష్టంగా వ్రాయించాలి. షరతు తప్పితే ఆ దానాన్ని రద్దు చేయించుకునే వీలు 23వ సెక్షన్‌లో ఉంది. ప్రేమ ఉన్నచోట షరతు ఎందుకని కొందరు నొచ్చుకుంటారు. ప్రేమ ఉంటే ఆ షరతు ఎవరికీ బరువు కాదు. సలహాకూ సహాయానికీ 14567 నెంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చును.

ఇప్పుడు ప్రసాదం పంచుతారు. మీ వీధిలో గుడికి రావడం మానేసిన పెద్దలెవరో తలచుకొని, వారికొక దొన్నె పట్టుకువెళ్ళండి. గుమ్మంలో ఎవరికో ఇచ్చి రావద్దు. లోపలికి వెళ్ళి, వారి చేతిలోనే పెట్టండి.