మన గీత, మన పేరు, వినైల్ రేకు

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆగస్టు 9 సభల్లో థింసా గురించి, అడవి హక్కుల గురించి, భాషల గురించి పెద్దలు చెబుతారు. మమ్మల్ని కళ గురించి రెండు మాటలు చెప్పమన్నారు. మేము స్టిక్కర్ల గురించి చెబుతాం. నవ్వకండి. ఈ విశాఖలో ఇవాళ ఆదివాసీ బొమ్మ ఎక్కువగా కనబడేది మట్టి గోడ మీద కాదు, వినైల్ స్టిక్కర్ మీద. హోటల్ అద్దం మీద, బస్సు పక్కన, ఆఫీసు మెట్ల దగ్గర, కాఫీ కొట్టు గోడ మీద. ఆ బొమ్మ ఎవరు గీశారు, ఎవరు కోశారు, ఎవరు అంటించారు, పీకేసిన తర్వాత ఎక్కడికి పోతోంది అన్న నాలుగు ప్రశ్నలూ మనవే. మేము అంటే వార్డెన్లం, వంటమ్మలం, పిల్లలం, హాస్టల్లో ఉన్నవాళ్లం అందరం.

ముందు పని ఎలా జరుగుతుందో చెప్పుకుందాం. గాజువాక, ఆటోనగర్ వైపు వెళ్తే లారీలకు, ఆటోలకు అక్షరాలు కోసి అంటించే కొట్లను రేడియం షాపులంటారు. అందులో రేడియం ఏమీ ఉండదు, పేరు అలా నిలిచిపోయింది. ఉండేది వినైల్, అంటే పి.వి.సి. ప్లాస్టిక్ రేకు, వెనక జిగురు, దాని వెనక కాగితం. కంప్యూటర్లో గీసిన గీత వెంట ప్లాటర్ యంత్రంలోని చిన్న కత్తి రేకును మాత్రమే కోస్తుంది, కాగితాన్ని కోయదు. తర్వాత అక్కర్లేని రేకును సూదిమొనతో ఓపికగా పీకేయాలి. మిగిలిన బొమ్మను పై నుంచి టేపుతో ఎత్తి గోడకో అద్దానికో అంటించాలి.

రేకుల్లో రెండు రకాలున్నాయి. రోలర్ల మధ్య నొక్కి చేసే రేకు చవక, కాస్త మందం. ఎండకు అంచులు ముడుచుకుంటాయి. ద్రవంగా పోసి ఆరబెట్టి చేసేది పల్చన, ఖరీదు. వంపుల మీద కూడా ఒదుగుతుంది, ఎక్కువ ఏళ్లు ఉంటుంది. మన ఊరి ఎండకు, సముద్రపు ఉప్పుగాలికి ఏ రేకు వాడుతున్నారో అడిగి మరీ పని ఇవ్వాలి.

తెలుగు అక్షరం కోయడం ఇంగ్లీషు అక్షరం కోసినంత సులువు కాదు. తలకట్టు విడిగా ఉంటుంది, ఒత్తు కింద వేలాడుతుంది. అక్షరం చిన్నదైతే పీకేటప్పుడు ఒత్తు కూడా ఊడి వస్తుంది. ఒత్తు పోతే ఊరు పేరే మారిపోతుంది. పాత అను ఫాంట్లలో టైపు చేసిన పేరును వేరే కంప్యూటర్లో తెరిస్తే అక్షరాలు గజిబిజి అవుతాయి. అర్థం తెలియని మనిషి దాన్ని అలాగే కోసేస్తాడు. ఒకే ఊరిని లంబసింగి అని ఒక బోర్డు, లమ్మసింగి అని మరో బోర్డు పిలుస్తున్నాయి. ఆ ఊరి పాత పేరు కొర్రబయలు. బోర్డు రాసేవాళ్లు ఊరివాళ్లను అడిగి ఉంటే మూడు పేర్లూ వాళ్లే చెప్పేవారు.

ఇప్పుడు బొమ్మ సంగతి. సవరల ఇడితాల్ చాలామంది చూసే ఉంటారు. ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండితో, వెదురు పుల్లతో వేస్తారు. చుట్టూ ఒక గీత ఉంటుంది. లోపల మనుషులు, చెట్లు, ఏనుగులు, గుర్రాలు, సూర్యుడు, చంద్రుడు ఉంటారు. ఆ చుట్టు గీత ఉత్త అలంకారం కాదు, అది ఇల్లు. దేవతకో, పోయిన పెద్దలకో కట్టిన ఇల్లు. వెరియర్ ఎల్విన్ 1955లో సవరల మతం మీద అచ్చువేసిన పుస్తకంలో ఈ బొమ్మల గురించి వివరంగా రాశారు.

మా హాస్టల్ భోజనాల గది గోడ మీద సీతంపేట వైపు నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి, తన స్నేహితురాళ్లతో కలిసి అలాంటి బొమ్మ ఒకటి వేసింది. పూజ కోసం వేసింది కాదు. వాళ్ల ఊరి సంతను తన మనసుతో గీసుకుంది. చూడవచ్చినవాళ్లలో ఎవరో ఫొటో తీసుకున్నారు. కొన్ని నెలలకు అదే బొమ్మ నగరంలో ఒక హోటల్ గోడ నిండా స్టిక్కరై కనబడింది. పేరు లేదు. పైగా చుట్టు గీత తీసేశారు, గోడ కొలతకు సరిపోలేదట. ఆ అమ్మాయి చూసి, "మేడమ్, డబ్బులు ఇవ్వకపోతే పోనీ, సంతలో మనుషులందర్నీ ఇల్లు లేనివాళ్లను చేశారేంటి" అంది. మేము ఉత్తరం రాశాం. చాలాకాలం జవాబు లేదు. తర్వాత ఒక రోజు స్టిక్కర్ పీకేశారని తెలిసింది. పేరు పెట్టమంటే బొమ్మే తీసేశారు. మేము కోరింది అది కాదు.

ఇంకో చోట అరకు గిరిజన కళ అని పెద్ద అక్షరాలతో రాసి, కింద వర్లీ బొమ్మలు అంటించారు. రెండు త్రికోణాలను కొనకు కొన తగిలించిన ఆ మనిషి బొమ్మ వర్లీలది. వాళ్లూ ఆదివాసీలే, మహారాష్ట్ర, గుజరాత్ సరిహద్దు కొండల్లో ఉంటారు. వాళ్ల కళ మీద మాకు గౌరవం ఉంది. కానీ వాళ్ల బొమ్మకు మన ఊరి పేరు పెడితే ఇద్దరికీ అన్యాయమే. ఎర్రమట్టి, బియ్యప్పిండి రెండు చోట్లా ఉన్నాయి కాబట్టి తెలియనివాళ్లు తడబడతారు. తెలిసినవాళ్లం మనం చెప్పాలి.

చట్టం ఏమంటుందో పిల్లలు వినాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం సొంతంగా గీసిన బొమ్మ మీద హక్కు గీసిన మనిషిది. రిజిస్టరు చేయకపోయినా ఆ హక్కు ఉంటుంది. బతికున్నంత కాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. ఇది నేను గీశాను అని చెప్పుకునే హక్కు, పరువు పోయేలా బొమ్మను మారిస్తే అడ్డుకునే హక్కు కూడా 57వ సెక్షన్లో ఉన్నాయి. తరతరాలుగా వస్తున్న నమూనా మీద ఒక జాతి మొత్తానికి ఇలాంటి హక్కు ఆ చట్టంలో స్పష్టంగా లేదు. అరకు అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంటకు దొరికిన ఆ రక్షణ లాంటిది బొమ్మకూ కావాలంటే సంఘమే కూర్చుని ఆలోచించాలి.

అంతదాకా చేతులు ముడుచుకుని ఉండలేదు. మా పిల్లలు బొమ్మ వేస్తే మూలన పేరు, ఊరు, తేదీ రాస్తారు. ఫొటో తీసి రిజిస్టరులో అంటిస్తాం. ఎవరైనా అడిగితే రాతపూర్వకంగానే ఇస్తాం. చుట్టు గీత కత్తిరించకూడదని అందులో రాస్తాం. పూజ కోసం వేసే బొమ్మలను మాత్రం పెద్దలు సరే అంటేనే ఇస్తాం, లేకపోతే లేదు. కాళ్లు తుడుచుకునే చోట, మరుగుదొడ్డి తలుపు మీద దేవత ఇల్లు అంటించడానికి ఎవరికీ అనుమతి లేదు.

ఇక చేతిపని. ఆ అమ్మాయే సెలవుల్లో ఒక స్టిక్కర్ షాపులో పని నేర్చుకుంది. నేర్చుకున్నది మాకు నేర్పింది. అంటించే ముందు గోడను, అద్దాన్ని జిడ్డు లేకుండా తుడవాలి. సున్నం వేసిన గోడకు స్టిక్కర్ నిలవదు, పొడి రాలి జిగురుకు అంటుకుంటుంది. కొత్త పెయింటు వేస్తే కొన్ని వారాలు ఆగాలి, లేకపోతే బుడగలు వస్తాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో అంటిస్తే రేకు సాగిపోతుంది, పొద్దున్నే చేసుకోవాలి. అద్దం మీద సబ్బునీళ్లు చల్లి అంటిస్తే జరుపుకునే వీలుంటుంది. నడిమి నుంచి అంచులకు నొక్కుకుంటూ రావాలి.

ఈ నగరం ఓడరేవుది, ఉక్కుది. 1933లో రేవు మొదలైంది, 1971లో ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. క్రేన్ల మీద, గోదాముల్లో, లారీల వెనక ఎక్కడ చూసినా గుర్తులే. ఎరుపు వద్దని, నీలం తప్పనిసరని, పసుపు జాగ్రత్తని, ఆకుపచ్చ క్షేమమైన దారని చెబుతాయి. ఆ గుర్తు సరిగ్గా అంటించకపోతే, ఊడిపోయినా మార్చకపోతే మనిషి ప్రాణం పోవచ్చు. మన పిల్లలకు ఇది మర్యాద గల పని. గీత చేతిలో ఉన్నవాళ్లు మనవాళ్లు. యంత్రం, కంప్యూటర్ నేర్పితే చాలు.

భాష సంగతి కూడా ఇందులోనే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి 8 భాషల్లో బడి పుస్తకాలు తెలుగు లిపిలో వచ్చాయి. అంటే ఆ మాటలను కోయడానికి కొత్త యంత్రం అక్కర్లేదు. ఏజెన్సీ నుంచి రోగిని తీసుకుని పెద్దాసుపత్రికి వచ్చే మనిషికి రక్తపరీక్ష ఎటు, మందులు ఎటు అని తన మాటలో ఒక బాణం గుర్తు నేల మీద కనబడితే ఎంత ధైర్యం వస్తుందో ఆలోచించండి.

చివరిది పీకడం. పీకడం కూడా పనే. జుట్టు ఆరబెట్టే యంత్రంతో కొద్దిగా వేడి చేసి, మూల ఎత్తి, రేకును తన మీదకే మడిచినట్టుగా నెమ్మదిగా లాగాలి. గుంజితే పెయింటు లేచి వస్తుంది. అద్దాన్ని ఒకే చోట వేడి చేస్తే పగులుతుంది. మిగిలిన జిగురుకు కొబ్బరినూనె పూసి కాసేపు ఉంచి సబ్బుతో కడిగితే చాలావరకు పోతుంది.

పీకిన రేకు ఎక్కడికి పోతుంది? పాత ఫ్లెక్సీలు ఊళ్లకు చేరుతున్నాయి. పాక మీద కప్పుతున్నారు, మిరియాలు ఆరబోస్తున్నారు. అంతవరకు సరే అనుకున్నా, చిరిగిపోయాక చలిమంటలో వేస్తున్నారు. అమ్మలారా, అది చేయకండి. పి.వి.సి.లో క్లోరిన్ ఎక్కువ. కాలితే ఆమ్లపు పొగ, డయాక్సిన్ల లాంటి విషాలు వస్తాయి. ఆ పొగ ముందు చంటిబిడ్డల ఊపిరిలోకే పోతుంది. 2022 ఆగస్టు 26న ఈ విశాఖలోనే అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించారు. ఫ్లెక్సీలు ఇంకా కనబడుతూనే ఉన్నాయి. కనీసం మన సభలకైనా గుడ్డ బ్యానరు కట్టుకుందాం, మన పిల్లలే చేత్తో రాస్తారు.

సంఘానికి మా మనవి మూడు మాటలు. ఏ బొమ్మ ఎవరిది, ఏ ఊరిది అని ఒక చిట్టా తయారుచేయండి. సెలవుల్లో పది మంది పిల్లలకైనా ప్లాటర్ పని నేర్పించండి. ఒక్క ఆసుపత్రిలోనైనా మన భాషల్లో గుర్తులు పెట్టడానికి అధికారులతో మాట్లాడండి. అక్షరాలు సరిచూసే పని మా హాస్టల్ పిల్లలు చేస్తారు, ఒత్తు పోకుండా మేము చూసుకుంటాం.