వయస్సుల లెక్కలు – బీజగణితము



కూడికలు, గుణకారములు చక్కగా చేయు పిల్లలు సైతము వయస్సుల లెక్క కడ కలము ఆపుదురు. లోపము గణితమున లేదు. వాక్యమును చదువుటలో నున్నది.

ఒక లెక్కను పరిశీలింతము. తల్లి వయస్సు కుమార్తె వయస్సునకు నాలుగు రెట్లు. నాలుగేండ్ల తరువాత మూడు రెట్లగును. ఇప్పుడు వారి వయస్సులెంత?

తెలియని రాశికి ఒక అక్షరము కావలెను. 12వ శతాబ్దిలో భాస్కరాచార్యుడు అవ్యక్తరాశిని "యావత్తావత్" అని పేర్కొని, "యా" అని క్లుప్తముగా వ్రాసెను. ఆ అక్షరమునే గ్రహింతము. కుమార్తె వయస్సు యా. తల్లి వయస్సు 4యా.

పలువురు పిల్లలు 4యా = 3(యా + 4) అని వ్రాసి, కుమార్తెకు 12, తల్లికి 48 అందురు. సరిచూచినచో నాలుగేండ్లకు 16, 52 అగును. 16కు మూడు రెట్లు 48 మాత్రమే. కుమార్తెకు నాలుగేండ్లు కలిపి, తల్లికి కలుపుట మరచినారన్నమాట. కాలము ఇంటిల్లిపాదికి ఒక్కరీతిగా నడచును గదా! కావున,

4యా + 4 = 3(యా + 4)
4యా + 4 = 3యా + 12
యా = 8

కుమార్తెకు 8, తల్లికి 32. నాలుగేండ్లకు 12, 36. మూడు రెట్లు సరిపోయినది.

రెట్లు మారును గాని, వయస్సుల భేదము మారదు. ఇచ్చట అది ఎల్లప్పుడు 24. మరి తల్లి వయస్సు అయిదు రెట్లగుట ఎప్పుడు? "కా" ఏండ్ల తరువాత అనుకొన్నచో, 32 + కా = 5(8 + కా); కా = –2. ఋణసంఖ్య వచ్చినంతనే లెక్క తప్పినదని కొట్టివేయరాదు. "రెండేండ్ల క్రిందట" అని దాని అర్థము. అప్పుడు వారి వయస్సులు 6, 30. "తరువాత", "క్రిందట" అను మాటల భేదమునే ధన, ఋణ చిహ్నములు తెలుపుచున్నవి.

ఈ మాటలు పిల్లలు ఇంట వినునవే. 9వ శతాబ్దిలో కన్నడ దేశమున, అమోఘవర్షుని కాలములో, మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. గణితమునకు తెలుగు చాలదనుట సరికాదు. రాష్ట్రభాష, ఆంగ్లము తప్పక నేర్వవలసినవే. అయినను "రెట్లు", "భేదము", "క్రిందట" అను భావములు ఇంటి మాటలో నాటుకొన్న పిల్లలు ఏ భాషలో ప్రశ్న అడిగినను తడబడరు.

కావున ఉపాధ్యాయులు సమీకరణము వ్రాయించుటకు ముందు లెక్కను పిల్లలచే సొంత మాటలలో చెప్పింపవలెను. తల్లిదండ్రులు ఇంటివారి వయస్సులతోనే లెక్కలు కట్టి అడుగవలెను. డెబ్బదియైదేండ్లుగా తెలుగున చదువు చెప్పుచున్న ఈ పాఠశాల ముందు తరములకును ఆ మేలు చేయుగాక!