సేవకి బయల్దేరిన అమ్మాయి

(ఆడపిల్లలు, ఆటలు అనే విషయం మీద కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి మాట్లాడమని నన్నెందుకు పిలిచారో తెలీదు. నేను క్రీడాకారిణిని కాను. కృష్ణా జిల్లాలో ఒక హైస్కూల్లో పధ్నాలుగేళ్ళ దాకా ఖోఖో ఆడాను. పెద్దమనిషినయ్యాక మా నాయనమ్మ "ఇంక గెంతులు చాలు" అంది. ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. పరికిణీ మీదకి ఓణీ వచ్చింది, ఆట పోయింది. ఈ హాల్లో సగం మందికి ఇలాంటి కథే ఉంటుంది కాబట్టి దాన్ని సాగదీయను.

నేను చెప్పదలచుకున్నది మా చెల్లెలి కూతురి సంగతి. న్యూజెర్సీలో పుట్టి పెరిగిన పిల్ల. పదహారేళ్ళు. స్కూలు ఫుట్‌బాల్ జట్టులో ఆడుతుంది. వాళ్ళు దాన్ని సాకర్ అంటారు. ఈ వేసవిలో రెండు వారాలు నైరోబీ వెళ్ళి అక్కడి మురికివాడల్లో ఆడపిల్లలకి ఫుట్‌బాల్ నేర్పే సేవా యాత్రలో పేరిచ్చింది. నాలుగు వేల డాలర్లు పోగుచేసుకోవాలి. బంధువులందరికీ ఒక ఉత్తరం రాసింది. "పెద్దమ్మా, తప్పులుంటే దిద్దు" అని నాకు ముందుగా పంపింది.

ఉత్తరంలో ఇంగ్లీషు తప్పులేమీ లేవు. "ఆ నిరుపేద బాలికలకి నేను ధైర్యాన్ని, ఆశని ఇవ్వబోతున్నాను" అని ఉంది. నాకు చురుక్కుమంది. మన గురించి ఇలాంటి వాక్యాలు ఎన్ని నిధుల దరఖాస్తుల్లో చదవలేదు? నిజం ఒప్పుకోవాలంటే, ఎన్ని మనమే రాయలేదు? "అణగారిన, నోరులేని మహిళలు" అని రాస్తేనే డబ్బు వస్తుందని పక్కనే కూర్చుని నేర్పిన పెద్దలు మనలోనే ఉన్నారు.

ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి పంపాను. మెక్సికో పల్లెలకి సేవ కోసం వెళ్ళే అమెరికన్ విద్యార్థులనుద్దేశించి 1968లో ఇవాన్ ఇలిచ్ చేసిన ప్రసంగం కూడా జత చేశాను. చూడండి, నేర్చుకోండి, సేవ చెయ్యడానికి మాత్రం రావద్దు అన్నది అందులో సారాంశం. పదహారేళ్ళ పిల్లకి అది పంపడం కాస్త క్రూరమేనని మా చెల్లెలు ఫోన్లో దులిపేసింది. పిల్ల మూడు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకే ప్రశ్న అడిగింది. "నిన్ను ఆడనివ్వలేదని బాధపడతావు కదా పెద్దమ్మా, మరి ఇంకో అమ్మాయి ఆడటానికి నేను సాయం చేస్తానంటే ఎందుకు ఆపుతున్నావు?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు.

అప్పుడు ఇద్దరం కలిసి చదవడం మొదలుపెట్టాం. తను ఆడగలగడానికి కారణం తన ధైర్యం ఒక్కటే కాదని ముందు తనకి తెలిసింది. అమెరికాలో 1971-72 విద్యా సంవత్సరంలో హైస్కూలు క్రీడల్లో ఆడపిల్లలు సుమారు 2 లక్షల 94 వేలు. 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. ప్రభుత్వ నిధులు తీసుకునే విద్యాసంస్థలు లింగ వివక్ష చూపకూడదంది. 2018-19 నాటికి ఆ సంఖ్య 34 లక్షలు. ఒక్క తరంలో ఆడపిల్లల కాళ్ళకి కొత్తగా బలం రాలేదు కదా! మైదానం, కోచ్, బస్సు వచ్చాయి.

ఇంగ్లండ్‌లో 1920 డిసెంబర్ 26న డిక్ కెర్ లేడీస్ జట్టు ఆట చూడటానికి గూడిసన్ పార్క్‌కి 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడే ఫుట్‌బాల్ సంఘం తన మైదానాల్లో స్త్రీలు ఆడటాన్ని నిషేధించింది. ఆట స్త్రీలకి తగినది కాదట! ఆ నిషేధం యాభై ఏళ్ళు నడిచింది. బ్రెజిల్‌లో 1941 నుంచి 1979 దాకా చట్టమే అడ్డుపడింది. అంటే 'వెనకబడిన' దేశాల ఆడపిల్లలకి ఫుట్‌బాల్ కానుకగా పట్టుకెళ్ళే నైతిక హక్కు ఎవరికీ అంత పుష్కలంగా లేదు.

ఇక నైరోబీ. అక్కడి మథారే బస్తీలో 1987లో మథారే యూత్ స్పోర్ట్స్ అసోసియేషన్ మొదలైంది. ఆటలో గెలిస్తే పాయింట్లు ఇచ్చినట్టే, బస్తీలో చెత్త ఎత్తి శుభ్రం చేసినందుకూ జట్టుకి పాయింట్లు ఇస్తారు. మొదట అబ్బాయిలే ఆడేవారు, 1990ల్లో అమ్మాయిల జట్లు వచ్చాయి. వాటి మీద పాపులేషన్ కౌన్సిల్ కోసం మార్తా బ్రాడీ, అర్జుమంద్ బాను ఖాన్ 2002లో రాసిన నివేదిక మీలో క్షేత్రస్థాయిలో పనిచేసేవాళ్ళు తప్పక చూడాలి. అమ్మాయిలకి అడ్డొచ్చింది ఆట రాకపోవడం కాదు. బట్టలుతకడం, తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ చూసుకోవడం, ఆడపిల్లకి ఆటేమిటన్న తల్లిదండ్రుల అనుమానం, చీకటి పడ్డాక ఇంటికి రావడానికి భయం. ఇవన్నీ మన బస్తీల్లో రోజూ వినే మాటలే. ఆ మథారే నుంచే వచ్చిన డోరీన్ నబ్వైర్ జర్మనీ క్లబ్బుల్లో వృత్తిగా ఆడింది. 2016లో కెన్యా మహిళల జట్టు ఆఫ్రికా కప్‌కి అర్హత సాధించింది.

పిల్లని ఎక్కువగా కదిలించింది ఇంకో విషయం. తనతో వెళ్ళే వాళ్ళు పెట్టెలనిండా శానిటరీ నాప్కిన్లు సర్దుతున్నారు. నాప్కిన్ల మీద పన్నుని కెన్యా 2004లోనే ఎత్తేసింది. మన దేశంలో జీఎస్టీ తీసేసింది 2018లో, అదీ ఎంత గొడవ చేస్తే! 2017లో బడి ఆడపిల్లలకి ఉచితంగా ఇవ్వాలని కెన్యా చట్టమే చేసింది. అమలు ఎలా ఉందన్నది వేరే సంగతి, చట్టాల అమలు గురించి మనం ఇంకొకరికి చెప్పే స్థితిలో లేం. "మరి మా దగ్గర చాలా రాష్ట్రాల్లో 2004 తర్వాత కూడా పన్ను కట్టారు కదా!" అంది పిల్ల.

నేను వెళ్ళొద్దని అనలేదు. వెళ్ళమనీ అనలేదు. అక్కడ అమ్మాయిల జట్లు నడిపే కోచ్‌కి నేరుగా ఉత్తరం రాసి, నీవల్ల ఏం కావాలో అడగమన్నాను. యాత్ర ఏర్పాటు చేసినవాళ్ళు ఆ ప్రశ్న వెయ్యలేదని అప్పుడే బయటపడింది.

పదిరోజులకి జవాబొచ్చింది. కోచింగ్ మాకొచ్చు, అంది ఆవిడ. రెండు వారాల్లో పిల్లలు కొత్త మనిషికి అలవాటుపడతారు, నువ్వు వెళ్ళాక ఏడుస్తారు, ఆ ఏడుపు మేం పడాలి. శనివారం ఆటలకి రిఫరీలు చాలరు, స్కోరు పుస్తకం రాసే చేతులు లేవు. నీకు రిఫరీ పని వచ్చా? రాకపోతే, ఆ విమానం డబ్బులో కొంత మా దగ్గర కోచ్ జీతానికి పంపు.

పిల్లకి రిఫరీ పని వచ్చు. వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లల ఆటలకి శని ఆదివారాలు గీత పక్కన జెండా పట్టుకుని పరిగెత్తి డబ్బు సంపాదించుకుంటుంది. (ఆ పనికి 'లైన్స్‌మన్' అన్న పేరు తీసి 'అసిస్టెంట్ రిఫరీ' అని మార్చింది 1996లో. అంతవరకూ ఆడవాళ్ళు కూడా 'మన్' గానే పరిగెత్తారు.)

ఉత్తరం మళ్ళీ రాసింది. "ధైర్యం ఇవ్వబోతున్నాను" పోయింది. "శనివారాల్లో ఆటలకి అసిస్టెంట్ రిఫరీగా పనిచేస్తాను, వచ్చిన డబ్బులో సగం అక్కడి మహిళా కోచ్ జీతానికి వెళ్తుంది" అని ఉంది. ఆ ఉత్తరానికి డబ్బు తక్కువ వచ్చింది. బంధువుల్లో ఒకాయన "మొదటిదే బావుందమ్మా, చదివితే కళ్ళు చెమర్చాయి" అన్నాడు. ఇంకా తొమ్మిది వందల డాలర్లు తక్కువున్నాయి. నేను వంద పంపాను. చాలకపోతే వెళ్ళకుండా, వచ్చిందాంట్లో సగం పంపేస్తానని కోచ్‌కి మాటిచ్చిందట.

మొన్న ఫోన్ చేస్తే ఎండలో పరిగెడుతోంది. సాయంత్రం చల్లబడ్డాక ఆడొచ్చు కదా అన్నాను. "అక్కడ అమ్మాయిల ఆటలు మిట్టమధ్యాహ్నం పెడతారు పెద్దమ్మా. పొద్దున బట్టలుతకాలి, చీకటి పడకముందే ఇంటికెళ్ళాలి. సాయంత్రం మైదానం అబ్బాయిలదట" అంది.